నోజావా ఆన్‌సేన్‌లో స్కీ ట్రిప్: తేదీల దగ్గర్నుంచి వేడినీళ్ళ స్నానం దాకా ఎలా ప్లాన్ చేసుకోవాలి

స్కీయింగ్‌కి జపాన్ వద్దామనుకుంటున్నాం, ఎక్కడికెళ్తే బాగుంటుంది అని ప్రతి ఏడూ చుట్టాల్లోనో ఫ్రెండ్స్‌లోనో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. నేను టోక్యోలో ఉద్యోగం చేస్తూ ఆరేళ్ళయింది, ఈ ఆరేళ్ళలో నాలుగైదు చోట్ల మంచులో తిరిగాను, అయినా మొదటిసారి వచ్చేవాళ్ళకి నేను చెప్పే పేరు ఒక్కటే, నోజావా ఆన్‌సేన్. నాగానో ప్రిఫెక్చర్‌లో ఉత్తరం కొసన, కొండ ఒళ్ళో ఉన్న పల్లె.

నిసెకో, హకుబా అనే స్కీ ఊళ్ళు ఇంకా పెద్దవే, అక్కడ ఇంగ్లిష్ కూడా ఎక్కువ నడుస్తుంది, కాదనను. కానీ నోజావా అనేది ముందు ఊరు, ఆ తర్వాతే రిసార్ట్. మూడున్నర వేల మంది దాకా ఉంటారు, ఇరుకు సందులు, చెక్క ఇళ్ళు, రోడ్డు పక్క కాలవల్లోంచి పొగలు కక్కే నీళ్ళు, ఊరంతా కలిపి 13 ఉమ్మడి స్నానాల ఇళ్ళు. ఇక్కడివాళ్ళు 1923లోనే స్కీ క్లబ్ పెట్టుకున్నారు, 1930లో ఆస్ట్రియా నుంచి హానెస్ ష్నైడర్ అనే గొప్ప స్కీ గురువు వచ్చి వెళ్ళాడు, కొండ మీద స్కీలతో జారే ఒక దారికి ఇప్పటికీ ఆయన పేరే. 1998 నాగానో ఒలింపిక్స్‌లో బయాథ్లాన్ (స్కీయింగ్, తుపాకీ గురి కలిపిన ఆట) పోటీలు జరిగింది కూడా ఈ ఊళ్ళోనే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఇక్కడ ట్రిప్ ప్లాన్ చెయ్యడం మామూలు హోటల్ బుకింగ్ లాంటిది కాదు. ఊరికి ఒక టైమ్ ఉంది, పొద్దున్నే స్నానం, ఏడున్నరకి టిఫిన్, ఎనిమిదిన్నరకి కొండ, సాయంత్రం నాలుగు తర్వాత మళ్ళీ స్నానం, ఆరింటికి భోజనం, తొమ్మిదికల్లా వీధులు సద్దుమణుగుతాయి. ఆ టైమ్‌కి మనం సర్దుకుంటే ట్రిప్ హాయిగా నడుస్తుంది, మన టైమ్‌కి ఊరిని తిప్పుదామనుకుంటే ఆకలితోనో అలసటతోనో ఇబ్బంది పడతాం. కింద చెప్పేదంతా ఆ లెక్క మీదే.

స్టెప్ 1: తేదీలు

మంచు మామూలుగా డిసెంబర్‌లో మొదలై ఏప్రిల్ దాకా, పై భాగంలో అయితే మే మొదటివారం దాకా కూడా ఉంటుంది. సైబీరియా నుంచి వచ్చే చలిగాలి జపాన్ సముద్రం మీదుగా వస్తూ తేమ పీల్చుకుని, ఈ కొండలకి కొట్టుకుని మొత్తం ఇక్కడే దించేస్తుంది. దగ్గర్లోనే మోరిమియనోహరా అని ఒక చిన్న రైల్వే స్టేషన్ ఉంది, అక్కడ 1945 ఫిబ్రవరి 12న 7.85 మీటర్ల మంచు పేరుకుంది, జపాన్ రైల్వే స్టేషన్లలో అదే రికార్డు. అంటే రెండంతస్తుల ఇల్లు మునిగేంత. ఎలాంటి చోటికి వెళ్తున్నామో ఆ ఒక్క లెక్కతో తెలిసిపోతుంది.

మొదటిసారి నేర్చుకునేవాళ్ళకి జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా బెస్ట్. డిసెంబర్ 28 నుంచి జనవరి 4 దాకా మాత్రం వద్దు, జపాన్ మొత్తానికి అప్పుడు సెలవులు, రేట్లు ఎక్కువ, కొండ ఎక్కించే లిఫ్టుల దగ్గర క్యూలు. చైనా కొత్త సంవత్సరం వారం కూడా అంతే. చలి అంటే భయం ఉన్నవాళ్ళు, చిన్నపిల్లలతో వచ్చేవాళ్ళు మార్చి మొదట్లో పెట్టుకోండి, మధ్యాహ్నం మంచు కొంచెం మెత్తబడి బరువుగా ఉంటుంది గానీ ఎండ కాస్తుంది, పిల్లలు ఏడవరు.

మనవాళ్ళకి నేను ప్రత్యేకంగా చెప్పే తేదీ ఒకటుంది, జనవరి 15. మనకి భోగి, సంక్రాంతి సెలవులు నడుస్తుంటాయి కదా, సరిగ్గా అప్పుడే ఇక్కడ దోసోజిన్ అగ్ని పండగ. దోసోజిన్ అంటే ఊరి పొలిమేరలు, దారులు కాపాడే దేవుడు. దాని కోసం తేదీలు కలుపుకోవాలంటే ఆ ఒక్క రాత్రికి గదులు దొరకడం చాలా కష్టం, అందుకే ఆరేడు నెలల ముందే అనుకోవాలి. పండగ గురించి కింద మళ్ళీ చెప్తాను.

ఎన్ని రోజులు అంటే, ఊళ్ళో కనీసం నాలుగు రాత్రులు. రెండు రాత్రులు పెట్టుకుని వచ్చినవాళ్ళు పడటం నేర్చుకుని వెళ్ళిపోతారు, జారడం మూడో రోజు వస్తుంది.

స్టెప్ 2: గది ముందు, ఫ్లైట్ తర్వాత

ఇది తిరగేసి చేస్తారు చాలామంది, ఆఫర్ వచ్చిందని ఫ్లైట్ టికెట్లు కొనేసి తర్వాత గదుల కోసం వెతుకుతారు. ఇక్కడ పెద్ద హోటళ్ళు తక్కువ, ఎక్కువగా కుటుంబాలు నడిపే చిన్న చిన్న సత్రాలు, పదో పన్నెండో గదులుంటాయి అంతే, జనవరి ఫిబ్రవరి గదులు వేసవిలోనే నిండిపోవడం మొదలవుతుంది. జూన్ జులైలో వెతకడం మొదలుపెట్టి, ఆగస్టు కల్లా ఖాయం చేసుకోండి.

రకాలు మూడు. ర్యోకాన్ అంటే పద్ధతిగా నడిచే సంప్రదాయ సత్రం, తతామి చాపల గది, రాత్రి వాళ్ళే వచ్చి ఫుటోన్ పరుపు వేస్తారు, వరసగా చిన్న చిన్న గిన్నెల్లో భోజనం. మిన్‌షుకు అంటే ఇంటివాళ్ళు తమ ఇంట్లోనే గదులిచ్చేది, ఖర్చు తక్కువ, పరుపు మనమే వేసుకోవాలి, బాత్రూమ్ బయట అందరికీ కలిపి ఉండొచ్చు. మూడోది వంటగది ఉన్న అపార్ట్‌మెంట్. రెండు పూటల భోజనంతో మనిషికి రాత్రికి సుమారు 12 వేల నుంచి 20 వేల యెన్ దాకా చూసుకోండి, మంచి ర్యోకాన్ అయితే ఇంకా పైన.

నా సలహా, మాంసం చేపలు తినేవాళ్ళయితే మిన్‌షుకు కళ్ళు మూసుకుని తీసుకోండి, ఆ ఇంటి పెద్దావిడ వడ్డించే భోజనం కోసమైనా. శాకాహారులైతే వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుని ఒక్క రాత్రి మాత్రం, ముందే మాట్లాడి పెట్టుకుని, ర్యోకాన్‌లో ఉండండి.

గది ఎక్కడుందో మ్యాప్‌లో చూసుకోవడం ముఖ్యం. ఊరు మొత్తం ఏటవాలు. పైన హికాగే అనే చోట ఒక గొండోలా, అంటే తీగ మీద కొండెక్కే పెట్టె, ఉంది, ఊళ్ళోంచి అక్కడికి కప్పు వేసిన ఎస్కలేటర్ లాంటి కదిలే దారి ఉంది, యూ రోడ్ అంటారు, డబ్బులేం తీసుకోరు. దాని కింది మొదలుకి దగ్గరగా గది దొరికితే సగం కష్టం తీరినట్టే. స్కీ బూట్లు ఒక్కో కాలికి రెండు కేజీల దాకా ఉంటాయి, వాటితో మంచులో ఎత్తెక్కుతూ పది నిమిషాలు నడిచి చూడండి, ఎందుకు చెప్తున్నానో అర్థమవుతుంది. ఊరి మధ్యలో ఓయు అనే పెద్ద స్నానశాల ఉంది, దాని చుట్టుపక్కల ఉంటే సాయంత్రాలు చాలా బాగుంటాయి, కొట్లు, తిండి అన్నీ అక్కడే.

క్యాన్సిల్ చేస్తే డబ్బు ఎంత పోతుందో బుక్ చేసేటప్పుడే చదవండి. చిన్న సత్రం వాళ్ళకి ఒక గది ఖాళీ పడితే ఆ రోజు సంపాదన పోయినట్టే, అందుకని రూల్స్ గట్టిగా ఉంటాయి, చివరి నిమిషంలో మానేసి వాళ్ళని ఇబ్బంది పెట్టొద్దు.

స్టెప్ 3: వీసా, టికెట్లు, ఇన్సూరెన్స్

ఇండియన్ పాస్‌పోర్ట్‌కి జపాన్ వీసా కావాలి. 2024 ఏప్రిల్ నుంచి టూరిస్టులకి ఈ-వీసా ఇస్తున్నారు, ఇండియాలో ఉన్నవాళ్ళు దానికి వీఎఫ్‌ఎస్ వీసా సెంటర్ ద్వారానే అప్లై చెయ్యాలి. రోజువారీ ప్రోగ్రాం, బ్యాంక్ స్టేట్‌మెంట్, ఐటీ రిటర్న్స్, ఉద్యోగం లెటర్ సిద్ధం చేసుకోండి. ఈ-వీసా వచ్చాక ఒక జాగ్రత్త, ఎయిర్‌పోర్ట్‌లో దాన్ని ఫోన్‌లో నెట్ ఆన్ చేసి సైట్‌లోనే చూపించాలి, స్క్రీన్‌షాట్, పీడీఎఫ్, ప్రింట్ పనికిరావు. ఫోన్ చార్జింగ్ చూసుకోండి.

హైదరాబాద్ నుంచి సింగపూర్, బ్యాంకాక్, హాంకాంగ్ లాంటి చోట్ల మారి రావడం మామూలు, బెంగళూరు, ఢిల్లీ నుంచైతే నేరుగా టోక్యోకి ఫ్లైట్లున్నాయి. పొద్దున్న దిగేలా చూసుకోండి, అప్పుడు అదే రోజు ఊరు చేరొచ్చు. సాయంత్రం దిగితే ఆ రాత్రి టోక్యోలో పడుకోవడమే మేలు, ఎందుకంటే రాత్రి తొమ్మిదికి సత్రం తలుపు కొట్టడం ఇక్కడ బాగుండదు, పైగా భోజనం టైమ్ అయిపోయుంటుంది.

ఇన్సూరెన్స్ దగ్గర మాత్రం దయచేసి ఖర్చు చూడకండి. మామూలు ట్రావెల్ పాలసీల్లో సాహస క్రీడలు వర్తించవు అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, స్కీయింగ్ అందులోకే వస్తుంది. వింటర్ స్పోర్ట్స్ కవర్ ఉందా అని ఏజెంట్‌ని అడిగి, ఉందని నోటితో చెప్తే సరిపోదు, పాలసీ కాగితంలో ఆ లైన్ ఎక్కడుందో చూపించమనండి. మా ఫ్రెండ్ ఒకతను రెండో రోజు మోకాలు తిప్పుకున్నాడు, స్కానింగ్, కట్టు, కర్రలు, టికెట్ మార్చుకోవడం అన్నీ చేతి డబ్బే అయ్యాయి, అప్పటి నుంచి వచ్చేవాళ్ళందరి పాలసీ నేను స్వయంగా చదువుతున్నాను.

స్టెప్ 4: ఏం తెచ్చుకోవాలి, ఏం తేకూడదు

చలి మరీ ప్రాణం తీసేంత ఉండదు, ఊళ్ళో సున్నాకి అటూ ఇటూ, కొండ పైన మైనస్ పది దాకా. మనల్ని ఇబ్బంది పెట్టేది తడి. అందుకే కాటన్ బనియన్, కాటన్ సాక్సు, జీన్స్ ఇవేవీ మంచులోకి వద్దు, చెమట పట్టి తడిసి ఒంటికి అంటుకుని అక్కడే చలి మొదలవుతుంది. లోపల ఉన్నిదో పాలియెస్టర్‌దో థర్మల్, దాని మీద ఫ్లీస్, పైన నీళ్ళు పట్టని జాకెట్, ప్యాంటు. ఈ పైది ఇక్కడ అద్దెకి దొరుకుతుంది, కొనొద్దు. గ్లవ్స్, గాగుల్స్ సొంతవి తెచ్చుకుంటే మంచిది, చాలాచోట్ల అవి అద్దెకివ్వరు. మంకీ క్యాప్ హెల్మెట్ కింద ఇమడదు, మెడకీ మూతికీ కలిపి తొడిగే సాగే గుడ్డ ఒకటి తెచ్చుకోండి.

సాక్సు విషయం కొంచెం వివరంగా చెప్తాను, మనవాళ్ళు అందరూ ఇక్కడే పొరపాటు చేస్తారు. చలని రెండు జతలు వేస్తారు. స్కీ బూటు లోపల రెండు జతలు వేస్తే మడతలు పడి కాలి రక్తం ఆగి వేళ్ళు ఇంకా చల్లబడతాయి. మోకాలి కింద దాకా వచ్చే పొడుగు సాక్సు ఒకటే జత, ముడత లేకుండా లాగి వేసుకోవాలి.

ఊళ్ళో తిరగడానికి అడుగున గట్టి పట్టున్న, నీళ్ళు పట్టని బూట్లు కావాలి. మంచు కరగడానికి రోడ్ల మీద నీళ్ళు చిమ్ముతుంటారు, స్పోర్ట్స్ షూస్ అయితే పది నిమిషాల్లో నానిపోతాయి.

తేకూడనివి చూడండి. మాంసం ఏ రూపంలో ఉన్నా జపాన్‌లోకి రానివ్వరు, వండినదైనా, ఎండబెట్టినదైనా, సీసాలో పెట్టినదైనా. అంటే అమ్మ పంపిన నాటుకోడి పచ్చడి, మటన్ పచ్చడి ఎయిర్‌పోర్ట్‌లోనే పోతాయి, చెప్పకుండా తెస్తే ఫైన్ కూడా. కరివేపాకు, కూరగాయలు, పళ్ళు కూడా వద్దు. ఆవకాయ, కందిపొడి, పులిహోర పేస్ట్ లాంటివి డిక్లేర్ చేసి తెచ్చుకోవచ్చు, మూత మీద టేపు గట్టిగా చుట్టండి. మందుల్లో కోడీన్ ఉన్న దగ్గు మందులు, సూడోఎఫెడ్రిన్ ఎక్కువున్న జలుబు మాత్రల మీద ఇక్కడ చట్టం గట్టిగా ఉంటుంది, అట్ట మీద పేర్లు చదివి పెట్టుకోండి.

స్టెప్ 5: ఊరు చేరడం

టోక్యో దగ్గరి నరిటా ఎయిర్‌పోర్ట్‌లో దిగితే స్కైలైనర్ రైలెక్కి టోక్యోలోని ఉయెనో స్టేషన్‌కి రండి, ముప్పావుగంట పైచిలుకు. టోక్యో స్టేషన్ దాకా వెళ్ళక్కర్లేదు, ఉయెనోలోనే హొకురికు షిన్‌కాన్‌సేన్ అనే బుల్లెట్ రైలు ఎక్కొచ్చు, పైగా చిన్న స్టేషన్ కాబట్టి సామాన్లతో తిరగడం తేలిక. దిగాల్సిన స్టేషన్ ఈయామా, 2015 మార్చిలో అక్కడికి బుల్లెట్ రైలు వచ్చింది, అది రాకముందు ఈ ఊరు రావడం పెద్ద పని. రైలు పేరు హకుటకా. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, అదే లైన్‌లో కగయాకి అని ఇంకా స్పీడు రైలుంది, అది ఈయామాలో ఆగదు, అసామా అనేది నాగానోలో ఆగిపోతుంది. హకుటకాలో రెండు గంటల లోపే, టికెట్ సుమారు 9 వేల యెన్. ఈయామా స్టేషన్ బయట నోజావా ఆన్‌సేన్ లైనర్ బస్సు, 25 నిమిషాలు. బస్సు టైముకి కలిసే రైలు చూసుకుని టికెట్ కొనండి, లేకపోతే చలిలో గంట కూర్చోవాలి.

రైలు తకాసాకి దాటి కొండల్లోకి దూరాక సొరంగాలే సొరంగాలు, ఒక సొరంగం ముందు ఎండగా గోధుమరంగు పొలాలు, ఇంకో సొరంగం దాటేసరికి మొత్తం తెలుపు. పిల్లల్ని కిటికీ పక్కన కూర్చోపెట్టండి.

పెద్ద సూట్‌కేసులు మోసుకురావద్దు. తక్యూబిన్ అనే కొరియర్ కౌంటర్ ఎయిర్‌పోర్ట్‌లోనే ఉంటుంది, సత్రం అడ్రస్ జపనీస్‌లో రాసిన కాగితం చూపిస్తే చాలు, మర్నాడో ఆ మర్నాడో గదికి చేరుస్తారు. రెండు రోజులకి సరిపడా థర్మల్స్, మందులు చేతి బ్యాగ్‌లో పెట్టుకోండి, మంచు ఎక్కువ పడితే సామాను ఒక రోజు ఆలస్యం అవుతుంది.

క్యాష్ టోక్యోలోనే తీసుకోండి, కన్వీనియన్స్ స్టోర్ ఏటీఎంలలో మన కార్డులు పనిచేస్తాయి. ఊళ్ళో చిన్న కొట్లు, కొన్ని సత్రాలు ఇప్పటికీ నోట్లే అడుగుతాయి.

స్టెప్ 6: బూట్లు, క్లాసు, మొదటి మూడు రోజులు

చేరిన సాయంత్రమే రెంటల్ షాపుకి వెళ్ళండి, పొద్దున్న ఎనిమిదింటికి అయితే జనం. సైజు సెంటీమీటర్లలో ఉంటుంది, అందుకని ఇంట్లోనే గోడకి మడమ ఆనించి పాదం పొడవు కొలుచుకుని రండి, 26 సెంటీమీటర్లయితే 26 నంబర్. బూటు సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుందంటే, నిటారుగా నిలబడితే బొటనవేలు ముందు గోడకి తగిలీ తగలనట్టుండాలి, మోకాళ్ళు వంచి ముందుకి వాలితే వేలు వెనక్కి జరగాలి, మడమ మాత్రం లేవకూడదు. మడమ లేస్తోందంటే బూటు పెద్దది, ఎంత వదులుగా హాయిగా ఉన్నా సరే ఒక సైజు తగ్గించి అడగండి. మన పాదాలు ముందువైపు వెడల్పు, అది కూడా చెప్పండి, వెడల్పు రకం ఉంటే తీసిస్తారు. బకిల్స్ పైనుంచి మొదలుపెట్టి, మడమ వెనక్కి కూర్చునేలా రెండుసార్లు నేల మీద తన్ని, అప్పుడు కిందివి పెట్టుకోవాలి. రాత్రిపూట బూట్లు షాపులోనే ఉంచుకోనిస్తారా అని అడగండి, కొండ కింద ఉన్న షాపుల్లో చాలావరకు ఒప్పుకుంటారు, పొద్దున్నకి ఆరి వెచ్చగా కూడా ఉంటాయి.

మొదటిసారి అయితే క్లాసు తప్పనిసరి. యూట్యూబ్ చూసి నేర్చుకుందాం, మా బావకి వచ్చు చెప్తాడు, ఇవి వద్దు. ఇంగ్లిష్‌లో చెప్పే టీచర్లు దొరుకుతారు గానీ జనవరి, ఫిబ్రవరిలో ముందే బుక్ చెయ్యాలి. కనీసం రెండు రోజుల క్లాసు పెట్టుకోండి, మొదటి రోజు, మూడో రోజు. మధ్య రోజు మీరే ప్రాక్టీస్ చేస్తే తప్పులు బయటపడతాయి, మూడో రోజు ఆయన సరిచేస్తాడు.

మొదటి రోజు హికాగే కింది వాలులోనే ఉండండి. స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనక దూరంగా, బియ్యం చెరిగే చేటని తిరగేసినట్టు ఒక ఆకారం వస్తుంది, అదే బ్రేకు. దాన్ని ఎంత వెడల్పు చేస్తే అంత నెమ్మదిస్తాం. భయమేసినప్పుడు మన ఒళ్ళు సహజంగా వెనక్కి వాలుతుంది, అక్కడే పట్టు పోతుంది, కాలి ముందు ఎముక బూటు నాలుకకి ఆని ఉందా లేదా అని ప్రతిసారీ చూసుకోండి. పడిపోతే స్కీలు వాలుకి అడ్డంగా తిప్పుకుని, కొండ వైపు ఒరిగి లేవాలి. లిఫ్ట్ టికెట్ రోజుకి 7 వేల యెన్ పైనే ఉంటుంది, మొదటి రోజు మొత్తం వాడలేరు, కాబట్టి కొనేముందు టీచర్‌ని అడగండి.

రెండో రోజు లేదా మూడో రోజు ఉయెనోతాయిరా అనే మధ్య మైదానానికి వెళ్ళొచ్చు, వెడల్పుగా, వాలు తక్కువగా ఉంటుంది, మనలాంటి కొత్తవాళ్ళకి కొండ మొత్తంలో అదే మంచి చోటు. ఆకాశం తేటగా ఉన్న రోజు 2020లో కొత్తగా కట్టిన నాగసాకా గొండోలా ఎక్కి యమాబికో దాకా వెళ్ళండి. కొండ కొస 1650 మీటర్లు, ఊరి వైపు కింద 565, అంటే కిలోమీటరు పైన ఎత్తు ఒకే కొండ మీద. ఈ ఎత్తుకి తల తిరగడం, ఊపిరాడకపోవడం లాంటివేం ఉండవు. పైన బీచ్ అనే జాతి చెట్లు కొమ్మకొమ్మకీ మంచు పట్టి నిలబడి ఉంటాయి, గాలి ఆగితే మన ఊపిరి తప్ప ఏమీ వినపడదు. స్కీ రాకపోయినా ఇది చూడాలి, అమ్మానాన్నల్ని తీసుకెళ్ళినా గొండోలాలోనే ఎక్కి గొండోలాలోనే దిగొచ్చు. కొత్తవాళ్ళు కూడా మూడో రోజు చివర్న అలిసిపోతే కిందికి గొండోలాలో దిగండి, కాళ్ళు వణుకుతున్నప్పుడు చివరి రౌండ్ ఒకటి వేద్దాం అనుకోవడంలోనే దెబ్బలు తగులుతాయి.

తాళ్ళు కట్టి ఉన్నచోట దాటి వెళ్ళొద్దు. చెట్టు మొదట్లో మంచు గుల్లగా ఉండి మనిషి తలకిందులుగా దిగబడిపోయే గుంతలుంటాయి. ఈ ఊరికి 2010 నుంచి సొంత స్కీ భద్రతా చట్టం ఉంది, గీత దాటినవాళ్ళని వెతికి తెస్తే ఆ ఖర్చు వాళ్ళే కట్టాలి. వెతకడానికి వెళ్ళేది ఈ ఊరి మనుషులే, వాళ్ళ ప్రాణాలు కూడా మన చేతుల్లో ఉన్నట్టు లెక్క. అంబులెన్స్ నంబర్ 119.

స్టెప్ 7: వేడినీళ్ళ స్నానం, ఇది వదలొద్దు

13 స్నానశాలల్ని సోతోయు అంటారు. ఇవి ఊరివాళ్ళ సొంతం. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు యు-నకామా అని ఒక జట్టుగా ఉండి వంతులవారీగా కడుగుతారు, ఖర్చులు పంచుకుంటారు. మనలాంటి బయటివాళ్ళకి కూడా డబ్బు అడక్కుండా తలుపు తీసిపెడతారు. గుమ్మం దగ్గర చెక్క పెట్టె ఉంటుంది, అందులో వంద యెన్ అయినా తప్పకుండా వెయ్యండి.

లోపల ఎలా అంటే, మగవాళ్ళకి 男, ఆడవాళ్ళకి 女 అని వేరు వేరు తలుపులు. చెప్పులు బయట. బట్టలన్నీ విప్పాలి, స్విమ్మింగ్ డ్రెస్‌తో దిగకూడదు, ఇక్కడే మనవాళ్ళు వెనక్కి తగ్గుతారు. నేను కూడా మొదటిరోజు గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డాను, తర్వాత తెలిసింది, లోపల ఎవరూ ఎవరినీ చూడరు, అక్కడున్న తాతలకి అది రోజూ చేసే పని. తొట్టి పక్కన కూర్చుని చెంబుతో నీళ్ళు పోసుకుని ఒళ్ళు శుభ్రంగా కడుక్కోవాలి, ఆ తర్వాతే తొట్టిలోకి. తువ్వాలు నీళ్ళలో ముంచకూడదు, జుట్టు ముడేసుకోవాలి, ఫోన్ బయటికే తీయకూడదు.

నీళ్ళు బాగా వేడి, 43, 44 డిగ్రీలు మామూలే, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. ముందు పాదాల మీద, తర్వాత మోకాళ్ళు, నడుము, భుజాల మీద పోసుకుంటూ ఒళ్ళు అలవాటు చెయ్యండి, కనీసం పది చెంబులు. లోపల ఉన్నవాళ్ళని అడిగి చన్నీళ్ళ కుళాయి కొంచెం తిప్పొచ్చు, అడక్కుండా మాత్రం తిప్పకండి. ఓయులో రెండు తొట్లుంటాయి, ఒకటి కొంచెం తక్కువ వేడి, అందులో మొదలుపెట్టండి. మూడు నిమిషాలు చాలు, బయటికొచ్చి కూర్చుని నీళ్ళు తాగండి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టర్‌ని అడిగి రావాలి.

ఇంకోటి, నీళ్ళలో గంధకం ఉంది. మా అక్క మెట్టెలు, పట్టీలు తీయకుండా దిగింది, బయటికొచ్చేసరికి రెండూ నల్లగా మారిపోయాయి, బంగారం ఏమీ కాలేదు గానీ వెండి మాత్రం నల్లబడుతుంది. వెండివి గదిలో పెట్టి వెళ్ళండి.

ఊరి పైభాగంలో ఓగామా అనే ఊట ఉంది, 90 డిగ్రీల దాకా ఉంటుంది, అందులో ఊరివాళ్ళు కూరలు, గుడ్లు ఉడకబెట్టుకుంటారు. అది వాళ్ళ వంటిల్లు, కంచె ఇవతలి నుంచే చూడాలి.

స్టెప్ 8: తిండి

మాంసాహారులకి దిగులే లేదు. శాకాహారులకి అసలు ఇబ్బంది మాంసం కంటే దాషి. ఎండు చేప పొరలతో కాచిన నీళ్ళు అది, మిసో సూప్‌లో, సోబా నూడుల్స్ పులుసులో, ఉడికించిన కూరల్లో అన్నిట్లోనూ ఉంటుంది, కంటికి కనపడదు. కొండ మీద క్యాంటీన్లో వెజిటబుల్ కర్రీ రైస్ అని కనిపించినా దాని ముద్దలో తరచుగా జంతువుల కొవ్వు కలిసి ఉంటుంది. గది బుక్ చేసేటప్పుడే రాయండి, భోజనానికి కూర్చున్నాక చెప్తే వాళ్ళు చాలా నొచ్చుకుంటారు, అప్పటికప్పుడు చెయ్యడానికి ఏమీ ఉండదు. నోటితో చెప్పాలంటే, "నికు మో సకానా మో తబెమసేన్, కత్సువో దాషి మో దమే దేసు." మాంసం, చేప తినం, చేప దాషి కూడా వద్దు అని.

శాకాహారులకి దొరికే మంచిది ఓయాకి, పిండిలో కూర పెట్టి చేసే బిళ్ళ, చలిలో వేడివేడిగా తింటే ప్రాణం లేచొస్తుంది, లోపల ఏ కూరో అడిగి తీసుకోండి. ఇంకోటి నోజావానా, ఈ ఊరి పేరే పెట్టుకున్న ఆకుకూర. ఇక్కడి కెన్‌మెయిజి గుడి పూజారి 1756లో క్యోటో వైపు నుంచి దుంప విత్తనాలు తెచ్చి నాటితే, ఈ చలికి దుంప ఊరకుండా ఆకు పొడుగ్గా పెరిగిందని చెప్తారు. దాన్ని ఉప్పులో ఊరేస్తారు, కారం ఉండదు. రైస్ కుక్కర్ ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే వేడన్నం, కందిపొడి, నెయ్యి, పక్కన ఈ నోజావానా, కొండ దిగొచ్చాక ఇంతకంటే ఏం కావాలి.

స్టెప్ 9: జనవరి 15 రాత్రి ఉంటే

బీచ్ చెట్ల మానులు నిలబెట్టి, దాని మీద కొమ్మలూ రెమ్మలతో ఇంత పెద్ద మంచె కడతారు, మేకులు లేకుండా. ఊళ్ళో 42 ఏళ్ళు, 25 ఏళ్ళు వచ్చిన మగవాళ్ళకి ఆ ఏడు దోషం ఉంటుందని నమ్మకం. 42 వాళ్ళు మంచె పైన కూర్చుంటారు, 25 వాళ్ళు కింద అడ్డంగా నిలబడతారు, మిగిలిన ఊరంతా కాగడాలతో మంచె తగలబెట్టడానికి మీదికొస్తుంది, కుర్రాళ్ళు మంటల్ని కొమ్మలతో కొట్టి ఆర్పుతారు. చివరికి పైవాళ్ళు దిగాక మంచె అంటిస్తారు. ఆకాశమంత మంట, చుట్టూ మంచు. ఇంటికి దూరంగా పండగ గడుపుతున్న నాకు ఆ రాత్రి మా ఊళ్ళో తెల్లవారుజామున భోగిమంట ముందు నిలబడ్డట్టే అనిపించింది, కళ్ళు చెమర్చాయి.

వెళ్ళేటప్పుడు మంచి జాకెట్ వేసుకోవద్దు, నిప్పురవ్వలు దూరం దాకా వస్తాయి, నైలాన్ గుడ్డ మీద పడితే అక్కడికక్కడే చిల్లు. పాత ఉన్ని కోటు, తలకి టోపీ, పిల్లలతో అయితే వెనకవైపు నిలబడండి. ముందుగా వెళ్ళి చోటు చూసుకోవాలి, నేల గట్టి ఐస్ అయిపోయి ఉంటుంది.

స్టెప్ 10: తిరుగు ప్రయాణం

సామాను తక్యూబిన్‌లో ఎయిర్‌పోర్ట్‌కి పంపేయండి, ఫ్లైట్‌కి కనీసం రెండు రోజుల ముందు ఇవ్వాలి, సత్రం వాళ్ళే ఫారం నింపి పెడతారు. అప్పుడు చేతులు ఖాళీ కాబట్టి నాగానోలో దిగి జెన్‌కోజి గుడి చూసుకోండి, ఈయామా నుంచి షిన్‌కాన్‌సేన్‌లో పావుగంట కూడా పట్టదు. గర్భగుడి కింద చిమ్మచీకటి దారి ఒకటుంది, గోడ తడుముకుంటూ నడిచి ఒక గొళ్ళెం తాకి రావాలి, పిల్లలకి భలే నచ్చుతుంది.

నోజావానా ప్యాకెట్లు కొంటే గాలి తీసి సీల్ చేసినవి తీసుకుని, ఒక ప్లాస్టిక్ కవర్లో చుట్టి చెకిన్ బ్యాగ్‌లో పెట్టండి. లోపల ఉప్పునీళ్ళు ఉంటాయి కాబట్టి చేతి సంచిలో పెడితే ఎయిర్‌పోర్ట్‌లో తీసేస్తారు.